ఫోన్లో డాక్టరు, ఇంట్లో అత్తయ్య కాలు: 51 రోజుల నా అనుభవం

మా అత్తయ్యకు 66 ఏళ్లు. షుగరు వచ్చి పద్నాలుగేళ్లు దాటింది. మేం ఉండేది విశాఖపట్నం గోపాలపట్నంలో. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ జనమంతా మా రోడ్డు మీదుగానే వెళ్తారు. ఆవిడ కూడా ఏటా నడుస్తారు. వద్దని ఎంత చెప్పినా "అప్పన్న చూసుకుంటాడు" అంటారు, ఇక మాట్లాడటానికేమీ ఉండదు. 2025 జూలై 9 బుధవారం మధ్యాహ్నం కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరారు. 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచి, గురువారం పొద్దున్న పదింటికి ఇల్లు చేరారు. పాదాలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. పాపం అనిపించి బకెట్లో వేడినీళ్లు పోసి ఉప్పు వేసి, అరగంట పెట్టుకోమన్నాను. అలా చేయకూడదని నాకప్పుడు తెలియదు.

జూలై 13 ఆదివారం ఉదయం ఇల్లు తుడుస్తుంటే వంటగది నుంచి మంచం దాకా తడి మరకలు కనిపించాయి, వరసగా, అడుగు అడుగుకీ ఒకటి. నీళ్లనుకున్నాను. తుడిస్తే గుడ్డకి పసుపు రంగు అంటింది. ఆవిడ కుడి పాదం ఎత్తి చూస్తే బొటనవేలు మొదట్లో అరికాలి దగ్గర పొక్కు చితికి, చుట్టూ చర్మం తెల్లగా నాని ఉంది. ఆ కాలితోనే పొద్దున్నుంచీ నడుస్తున్నారు.

"నొప్పి లేదా అత్తయ్యా?"

"నొప్పే నేదమ్మా. ఏటవుద్ది, రెండ్రోజుల్లో ఆరిపోద్ది."

నొప్పి లేదనగానే నా గుండె తేలికపడింది. షుగరున్న వాళ్ల కాలికి పుండు పడి నొప్పి లేకపోతే భయపడాల్సింది అప్పుడేనని రెండు రోజుల తర్వాత తెలిసింది. ఈ అనుభవం రాయడానికి మొదటి కారణం అదే.

మా ఆయన ఓడ మీద పని చేస్తారు, ఏడాదిలో ఎనిమిది నెలలు ఇంట్లో ఉండరు. నేను ప్రైవేటు స్కూల్లో టీచరుని. స్కూళ్లు తెరిచి నెలే అయింది, సెలవు అడగాలంటే భయం. రాత్రి మా ఆయన వాట్సాప్ కాల్‌లో "ఆన్‌లైన్‌లో చూపించు, వెంటనే డాక్టర్ దొరుకుతారు" అన్నారు. అలా ఒక యాప్‌లో 299 రూపాయలు కట్టాను. పావుగంటలో డాక్టర్ మాట్లాడతారని తెర మీద చూపించింది. 8:20కి డబ్బు కడితే 9:30కి కాల్ వచ్చింది. అవతలి డాక్టర్ హిందీ, ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడారు. వీడియో ఆన్ చేయమంటే అక్కర్లేదన్నారు. షుగరు ఉందని చెప్పాను, ఎంత ఉందని అడగలేదు. పుండు ఎలా ఉందో నాకు వచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పడానికి తంటాలు పడుతుండగానే "ఓకే, ఓకే" అని కాల్ ముగించారు. మొత్తం మూడు నిమిషాలు. ఐదు రోజులకి ఒక యాంటీబయాటిక్, ఒక ఆయింట్‌మెంట్ రాసిన చీటీ ఫోన్‌కి వచ్చింది.

నన్ను కాపాడింది మా వీధి మలుపులో మెడికల్ షాపతను. చీటీని పెద్దది చేసి చూసి, "అమ్మా, డాక్టర్ పేరుంది గానీ రిజిస్ట్రేషన్ నంబర్ లేదు. ఇది లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వను" అన్నాడు. నాకు కోపం వచ్చింది. రాత్రి పది కావస్తోంది, ఇతనేంటి రూల్స్ మాట్లాడుతున్నాడు అనుకున్నాను. అతను ఓపిగ్గా చెప్పాడు. ఫోన్లో వైద్యం గురించి 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉందట, డాక్టర్ ఇచ్చే చీటీ మీద ఆ నంబర్ ఉండాలని. "షుగర్ పేషెంటు కాలు కదమ్మా, మీ పాత డాక్టర్‌కే ఫోన్ చెయ్యండి" అన్నాడు. ఆయింట్‌మెంట్ కూడా అమ్మలేదు. దూదీ, గాజుగుడ్డా, సెలైన్ సీసా ఇచ్చి, పుండు కడిగి పొడిగా కప్పి ఉంచమని మాత్రం చెప్పాడు. ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను.

సోమవారం, జూలై 14. అత్తయ్యకు షుగరు చూసే డాక్టరమ్మ క్లినిక్ మహారాణిపేటలో. తొమ్మిదింటికి ఫోన్ చేస్తే, పాత పేషెంట్లకి మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు వీడియోలో చూస్తారని కౌంటర్‌లో అమ్మాయి చెప్పింది. ఫీజు 400, నేరుగా వెళ్తే 600. మూడేళ్లుగా ఆ క్లినిక్‌కే వెళ్తున్నాం, ఇది ఉందని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మీరు చూపించుకునే డాక్టర్ దగ్గర ఇలాంటి ఏర్పాటు ఉందేమో ముందే కనుక్కోండి, అవసరం వచ్చిన రాత్రి వెతుక్కునే పని ఉండదు.

ఆ అమ్మాయి కొన్ని వాట్సాప్‌లో పంపమంది. పాత చీటీ, ఇప్పుడు వాడుతున్న మందుల అట్టల ఫొటో, బీపీ, బరువు, పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకి ఒకసారి షుగరు, పుండు ఫొటోలు. వినడానికి చిన్న పనులే, నాకు ఒకటిన్నర రోజు పట్టింది. గ్లూకోమీటర్ ఉంది కానీ స్ట్రిప్పులకి గడువు దాటిపోయింది. కొత్తవి 25 కొంటే 560 అయింది. మంగళవారం పొద్దున్న పరగడుపున 286. రోజూ మందులు వేసుకుంటున్నాననే ఆవిడ చెప్తారు. అట్టలు ఫొటో తీస్తున్నప్పుడు లెక్కేస్తే, నెల మొదట్లో తెచ్చిన దాంట్లో తొమ్మిది మాత్రలు ఎక్కువ మిగిలి ఉన్నాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు అట్టలు తీసుకెళ్లం కదా, ఇన్నాళ్లూ ఈ సంగతి బయటపడనే లేదు.

ఫొటోల గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అక్కడే ఎక్కువ తప్పులు చేశాను. రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీసినవి అన్నీ పసుపుగా వచ్చాయి. ఫ్లాష్ వేస్తే తడి మెరిసి పుండు తెల్లగా కనిపించింది. చివరికి పొద్దున్న ఎనిమిదింటికి వెనక వరండాలో, ఎండ నేరుగా పడని చోట, స్టూలు మీద కాలు పెట్టించి తీశాను. పక్కన మా అబ్బాయి స్కేలు పెట్టాడు. పుండు అడ్డంగా 22 మిల్లీమీటర్లు. ఒకటి దగ్గరగా, ఒకటి పాదం మొత్తం కనపడేలా, ఒకటి రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి. మామూలుగా పంపితే వాట్సాప్‌లో స్పష్టత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌లా పంపాలి. తర్వాతి వారాల్లో మరొకటి నేర్చుకున్నాను. ఒక కాగితం మీద పేరూ తేదీ రాసి కాలి పక్కన పెట్టి ఫొటో తీయాలి. క్లినిక్ ఫోన్‌కి రోజుకి ఎంతమంది కాళ్లు వస్తాయో!

వీడియో కాల్ టైము 2:40 అన్నారు, 3:25కి వచ్చింది. స్కూల్లో సగం రోజు సెలవు పెట్టాను. మా ఇంట్లో సిగ్నల్ సరిగ్గా అందేది వెనక తలుపు దగ్గరే, అందుకని మంచం అక్కడికి జరిపాం. డాక్టరమ్మ ముందు పేరు, వయసు అడిగి, ముఖం చూసి పాత ఫైలుతో సరిచూసుకున్నారు. నాలుగు మంచి మాటలు మాట్లాడారు. ఆ తర్వాత నాతో పని మొదలుపెట్టించారు. మీ చేతి వెనక వైపు ముందు ఎడమ పాదం మీద, తర్వాత కుడి పాదం మీద పెట్టండి, ఏది వేడిగా ఉంది? కుడిదే. వాసన ఉందా? కొంచెం. ఎరుపు ఎక్కడి దాకా ఉందో పెన్నుతో గీత గీయండి. గీశాను. జ్వరం చూడండి. 99.4.

అప్పుడు అత్తయ్యను కళ్లు మూసుకోమన్నారు. "అమ్మా, మీ కోడలు మీ కాలి వేళ్లు ముట్టుకుంటుంది. ముట్టుకున్నట్టు తెలిస్తే ఏ కాలో చెప్పండి, కుడి అనో ఎడమ అనో. అంతే." నాకు వరస ముందే చెప్పారు. ఒక్కో కాలికి బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు. చూపుడువేలితో కొసను మెల్లగా, ఒకటి రెండు సెకన్లు. నొక్కకూడదు, గోకకూడదు. మా అబ్బాయి ఫోన్ పట్టుకున్నాడు.

కుడి బొటనవేలు ముట్టుకున్నాను. ఆవిడ ఏమీ అనలేదు. కుడి చిటికెనవేలు. ఏమీ అనలేదు. ఎడమ బొటనవేలు. ఏమీ అనలేదు. కళ్లు మూసుకుని, చిన్న పిల్లల్లా శ్రద్ధగా ఎదురుచూస్తున్నారు. కుడి మధ్యవేలి మీద నా వేలు ఉండగానే అడిగారు, "ఇంకా ముట్టుకోనేదా అమ్మా?"

నాకు ఏడుపు ఆగలేదు. మా అబ్బాయి చేతిలో ఫోన్ కదిలిపోయింది. ఆరింటిలో ఆవిడకి తెలిసింది రెండే, రెండూ ఎడమ కాలివే. పెళ్లై వచ్చిన పద్దెనిమిదేళ్లలో ఆ పాదాలకి ఎన్నిసార్లు దండం పెట్టానో, అవి నా చేతిని గుర్తుపట్టడం ఎప్పుడు మానేశాయో నాకు తెలియదు.

డాక్టరమ్మ కాసేపు ఆగారు. "ఫోన్లో నేను చూడగలిగింది ఇంతవరకే. లోపల ఎంత లోతుందో, ఎముక దాకా వెళ్లిందో చేత్తో చూడాలి, ఎక్స్‌రే తీయాలి. రేపు పొద్దున్నే తీసుకురండి. వేడినీళ్లలో కాళ్లు మళ్లీ పెట్టొద్దు, స్పర్శ లేని కాలికి కాలినా తెలియదు. ఆ కాలు నేల మీద ఆనించొద్దు" అన్నారు. ఈ 400 రేపటి ఫీజులో తగ్గిస్తామన్నారు. అత్తయ్య మధ్యలో అందుకుని నిద్ర పట్టడం లేదు, నిద్రమాత్ర రాయమని అడిగారు. అలాంటి మందులు ఫోన్లో రాయకూడదని, వచ్చినప్పుడు మాట్లాడదామని చెప్పారు. మొత్తం పద్దెనిమిది నిమిషాలు. ఆదివారం రాత్రి యాప్ డాక్టర్ ఏమీ అడగకుండానే మందు రాసిచ్చారు, ఈవిడ అన్నీ అడిగి మందు రాయకుండా రమ్మన్నారు. నాకు నమ్మకం కుదిరింది రమ్మన్న మాట మీదే.

ఆ రాత్రి మా ఆడపడుచుకి ఫోన్ చేశాను. ఆమె అరకు వైపు ఉంటుంది. వాళ్ల ఊరి ఆరోగ్య కేంద్రంలో ఒక నర్సమ్మ పక్కన కూర్చుని బీపీ, షుగరు తనే చూసి, ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ద్వారా డాక్టర్‌కి చూపిస్తుందట, డబ్బు తీసుకోరట. "అడిగినవన్నీ ఆవిడే చెప్తుంది వదినా, నేను ఊరికే కూర్చుంటాను" అంది. ఆ మాట నాలో ఉండిపోయింది. నా పక్కన అలా తెలిసిన మనిషి లేదు. ఫోన్లో డాక్టర్‌కి చేతులు ఉండవు, ఇంట్లో ఎవరో ఒకరు ఆ చేతులవ్వాలి. మా ఇంట్లో అది నేను. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి ఎవరు?

జూలై 16 బుధవారం. ఆటో రానూపోనూ 780. మూడు గంటలు కూర్చున్నాం. పక్కనే సర్జన్ చూసి, కాయ కాచిన చర్మం, చచ్చిన చర్మం కోసి శుభ్రం చేశారు. కోస్తుంటే ఆవిడ గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చున్నారు. ఎక్స్‌రేలో ఎముక బాగుందని చెప్పేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను. మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 10.4 శాతం. ఇన్సులిన్ తప్పదన్నారు. మిగిలిన ఫీజు 200, ఎక్స్‌రే 450, రక్త పరీక్షలు, చీము పరీక్ష కలిపి 1,650, శుభ్రం చేసినందుకు 1,500, మందులు ఇన్సులిన్‌తో 2,140. ఆటోతో కలిపి ఆ ఒక్కరోజుకి 6,720. శనివారం 19న చీము రిపోర్టు కోసం, మరోసారి శుభ్రం చేయించడానికి మళ్లీ వెళ్లాం.

ఆ తర్వాతే ఫోన్ నిజంగా అక్కరకొచ్చింది. రోజు విడిచి రోజు మా వీధి చివర ఉండే నర్సమ్మ వచ్చి కట్టు మార్చేది, మనిషి వచ్చినందుకు 200. ప్రతి మంగళవారం పొద్దున్న నేను ఫొటోలు, వారం షుగరు పట్టిక పంపేదాన్ని, మధ్యాహ్నం డాక్టరమ్మ చూసేవారు. జూలై 22 ఫొటోలో పుండు 26 మిల్లీమీటర్లకి పెరిగింది. నాకు చేతులు వణికాయి. పెరగలేదు, చచ్చిన చర్మం తీసేశాం కాబట్టి అసలు పుండు ఇప్పుడు కనిపిస్తోంది, అడుగు ఎర్రగా ఉంది, అదే మనకి కావాల్సింది అన్నారు. ఈ సంగతి 16నే నాకు చెప్పి ఉంటే పొద్దున్నుంచీ అంత భయపడేదాన్ని కాదు. ఇన్సులిన్ పెన్ను పొట్ట దగ్గర ఎలా పెట్టాలో, నొక్కాక పది లెక్కపెట్టి తీయాలని, రోజూ చోటు మార్చాలని ఆ కాల్‌లోనే దగ్గరుండి చేయించారు. క్లినిక్‌లో ఒకసారి చూపించారు కానీ ఆ హడావిడిలో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. మన మంచం మీద, మన చేత్తో, ఆవిడ చూస్తుండగా చేశాక భయం పోయింది.

ఫోన్ వైద్యానికి రాత్రి ఉండదన్న సంగతి మాత్రం గట్టిగా తెలిసింది. జూలై 27 తెల్లవారుజామున రెండింటికి అత్తయ్య మంచం మీద కూర్చుని చెమటలు కక్కుతున్నారు, మాట తడబడుతోంది. షుగరు చూస్తే 62. క్లినిక్ నంబర్ మోగుతూనే ఉంది, ఎత్తే వాళ్లు లేరు. ఇన్సులిన్‌తో పాటు ఇచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉండబట్టి సరిపోయింది. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, పావుగంటకి మళ్లీ చూడండి, మనిషి మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి అని ఉంది. పావుగంట తర్వాత 94. ఆ పావుగంట నా జీవితంలో అతి పొడవైనది. రాత్రి సరిగ్గా తినలేదని తర్వాత ఒప్పుకున్నారు. సోమవారం పొద్దున్న మెసేజ్ పెడితే డాక్టరమ్మ తనే ఫోన్ చేసి రాత్రి మోతాదు తగ్గించారు, దానికి ఫీజు తీసుకోలేదు.

జూలై 29న పుండు 21 మిల్లీమీటర్లు. ఆగస్టు 6న నేరుగా వెళ్లాం, షుగరున్న వాళ్ల కాళ్లకి వాడే మెత్తటి రబ్బరు (ఎం.సి.ఆర్.) చెప్పులు 1,100 పెట్టి కొన్నాం. ఇంట్లో కూడా అవి వేసుకోవాలంటే ఆవిడ అస్సలు ఒప్పుకోలేదు, వంటింట్లోకి, దేవుడి గదిలోకి చెప్పులేంటని. 8న వరలక్ష్మీ వ్రతం. ఆ రోజు పెద్ద గొడవ. చివరికి ఆ జత ఎప్పుడూ గడప దాటకుండా ఇంట్లోకే ఉంచుతామని, దేవుడి గది ముందు కుర్చీలో కూర్చుని పూజ చేసుకోమని ఒప్పించాను. 12న 12 మిల్లీమీటర్లు, 19న 8, వినాయక చవితి ముందు రోజు 26న 3.

ఈ మధ్యలో ఒక వారం ఫొటోలు చూడలేదని తెలిసింది. క్లినిక్‌లో ఫోన్ మార్చారట, పాత మెసేజ్‌లు పోయాయట. అప్పటి నుంచి అన్నీ నా దగ్గర ఒక ఫోల్డర్‌లో తేదీలతో దాచాను, నోట్‌బుక్‌లోనూ రాశాను. మనది మనం దాచుకోవాల్సిందే.

ఖర్చు లెక్క చూసుకుంటే, జూలై 16 తర్వాత ఆరు వీడియో కాల్స్‌కి 2,400. ఆ ఆరుసార్లూ నేరుగా వెళ్లి ఉంటే ఆటోకే 4,680 అయ్యేది, నాకు ఆరు సెలవులు పోయేవి, ఆవిడ ఆ కాలితో ఆరుసార్లు మెట్లు దిగి ఎక్కేవారు. నాకు డబ్బు కంటే ఆ మెట్లే ఎక్కువ.

సెప్టెంబరు 2 మంగళవారం, చివరి కాల్. పుండు పూర్తిగా మూసుకుంది, లేత గులాబీ రంగు చర్మం. డాక్టరమ్మ మళ్లీ కళ్లు మూయించారు, నేను మళ్లీ ఆరు వేళ్లూ ముట్టుకున్నాను. మళ్లీ రెండే. పుండు మానింది, పోయిన స్పర్శ తిరిగి రాలేదు, తిరిగొస్తుందని ఆశ పెట్టుకోవద్దని మెల్లగా చెప్పారు. రోజూ రాత్రి పడుకునే ముందు రెండు అరికాళ్లూ, వేళ్ల సందులూ టార్చ్ వేసి చూడమన్నారు. మూడు నెలల సగటు షుగరు పరీక్షకి అక్టోబరు మధ్యలో రమ్మన్నారు.

కాల్ పెట్టేసే ముందు అత్తయ్య ఫోన్ తన దగ్గరికి లాక్కున్నారు.

"డాక్టరమ్మా, వచ్చే ఏడు కొండ సుట్టూ తిరగొచ్చా?"

"చెప్పుల్లేకుండా వద్దమ్మా. అంత దూరమూ వద్దు."

ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "పోనీ పైన గుడి సుట్టూ తిరుగుతాను. బస్సులో ఎక్కి."

రాత్రి ఎనిమిదిన్నరకి టార్చ్ తీసుకుని వెళ్తే, ఆవిడే కాళ్లు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నారు.